వూలింగ్ విద్యుత్ బండి అంత చౌకగా ఎలా వస్తోంది, అది మనకు పనికొస్తుందా?

గుంటూరులో బేకరీ నడుపుతున్న మీరు, రోజుకు అరవై డెబ్భై కిలోమీటర్లు తిరిగి దుకాణాలకు సరుకు వేయడానికి చిన్న విద్యుత్ వాహనం వెతుకుతూ, చైనాలో వూలింగ్ అనే సంస్థ మూడు లక్షల రూపాయలకే విద్యుత్ కారు అమ్ముతోందని విని మూడు సంగతులు అడిగారు. అంత తక్కువకు వాళ్లెలా ఇవ్వగలుగుతున్నారు, అందులో మోసమేమైనా ఉందా, దాన్ని ఇక్కడికి తెప్పించుకోవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. చివరిదానికి ముందే జవాబు చెబుతాను: తెప్పించుకోకండి. అయితే దానికి కారణం అది నాసిరకం బండి కావడం కాదు. విజయవాడ ఆటోనగర్‌లో చిన్న సరుకు వాహనాల విడిభాగాల వ్యాపారంలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను, ఆ పని మీదే దక్షిణ చైనాకు నాలుగైదుసార్లు వెళ్లి వచ్చాను. ఆ అనుభవంతో చెబుతున్న మాటలివి.

ముందు పేరు గురించి కొంత స్పష్టత అవసరం, ఎందుకంటే 'వూలింగ్' అన్న పేరుతో ఒకటికి మించి సంస్థలున్నాయి. మీరు విన్న కారును తయారుచేసేది సాయిక్-జీఎం-వూలింగ్ అనే ఉమ్మడి సంస్థ. ఇది 2002లో దక్షిణ చైనాలోని గ్వాంగ్షీ ప్రాంతంలో, లియూజౌ నగరంలో ఏర్పడింది. అందులో షాంఘై ప్రభుత్వరంగ సంస్థ సాయిక్‌ది 50.1 శాతం వాటా, అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్‌ది మొదట 34 శాతం, తరువాత 44 శాతం. మిగిలిన ఆరు శాతానికి కాస్త తక్కువైన వాటా అసలు పుట్టింటిదైన పాత వూలింగ్ కర్మాగారానిది. ఆ పుట్టిల్లు ఇప్పుడు గ్వాంగ్షీ ఆటోమొబైల్ గ్రూప్ పేరుతో విడిగా నడుస్తోంది. జపాన్ కొరియర్ సంస్థ సగావా ఎక్స్‌ప్రెస్ తనకు కావలసిన 7,200 చిన్న విద్యుత్ వ్యానులను తయారుచేయించాలని నిర్ణయించింది ఈ రెండో సంస్థ దగ్గరే. పత్రికల్లో ఈ రెండింటినీ కలగాపులగం చేసి రాస్తుంటారు కనుక, ఏ వార్త చదివినా ఏ వూలింగ్ గురించో చూసుకోవడం మంచిది.

ఆ పుట్టింటి కథ తెలిస్తే రేటు రహస్యం సగం అర్థమవుతుంది. 1958లో యంత్రాల కర్మాగారంగా మొదలై, అరవైలలో ట్రాక్టర్లు చేసిన సంస్థ అది. మావో తరువాతి సంస్కరణల్లో సామూహిక క్షేత్రాలను కుటుంబాలకు చెక్కలు చెక్కలుగా పంచేసరికి, చిన్న కమతానికి అంత ట్రాక్టరు ఎవరికీ అక్కరలేకపోయింది. ఆర్డర్లు ఆగిపోయిన కర్మాగారం కుట్టు మిషన్లు, మరమగ్గాలు కూడా చేసి పొట్ట పోసుకుంది. చివరికి 1982లో జపాన్ మిత్సుబిషి చిన్న ట్రక్కును ముందు పెట్టుకుని, భాగాలన్నీ విప్పి కొలతలు తీసి, రేకును సుత్తులతో కొట్టి వంచి తమ మొదటి చిన్న బండిని తయారుచేశారు. ఇందులో ఒక తమాషా ఉంది. వూలింగ్ అంటే 'ఐదు వజ్రాకారాలు', మిత్సుబిషి అంటే 'మూడు వజ్రాకారాలు', రెండు పేర్లలోనూ వజ్రాకారాన్ని సూచించే చైనా అక్షరం ఒక్కటే. చూసి నేర్చుకున్నవాడు గురువుకన్నా రెండు ఎక్కువే పెట్టుకున్నాడన్నమాట.

అక్కడి నుంచి ఇరవై ఏళ్లు ఆ కర్మాగారం చేసిందంతా ఒకే రకం బండి. చైనాలో దాన్ని 'మియెన్ బావో చే' అంటారు, అంటే రొట్టె బండి. ముందూ వెనుకా ఒకే ఎత్తులో, బ్రెడ్డు దిమ్మలా ఉంటుంది కనుక ఆ పేరు. (మీ వ్యాపారానికి తగిన పేరే.) మన మారుతి ఓమ్నీని తలచుకోండి: ముందు సీట్ల కింద ఇంజను, వెనుక చక్రాలకు శక్తి, జరుపుడు తలుపు, లోపల బల్లపరుపు నేల. 2002లో వచ్చిన వూలింగ్ సన్‌షైన్ సరిగ్గా అదే వరస. గ్వాంగ్‌జౌ టోకు బట్టల బజారులో ఒక సన్‌షైన్‌ను నేను దగ్గరగా చూశాను. వెనుక సీట్లన్నీ పీకేసి, నేల మీద అట్టపెట్టెలు చింపి పరిచి, వాటి మీద బట్టల బేళ్లు పైకప్పుదాకా కూరారు. డ్రైవరు తన సీటును పైకెత్తి, కింద ఇంజను పక్కనున్న ఖాళీలోంచి రెండు పానాలు, ఒక తాడు, టీ ఫ్లాస్కు తీశాడు. తలుపు లోపలివైపు అట్ట లేదు, రేకే కనబడుతోంది. అది ఊడిపోయిందా, లేక మొదటి నుంచీ లేదా అని అడిగితే, అది ఉంటే సరుకు బరువు తగ్గుతుందా అని ఎదురు ప్రశ్న వేశాడు.

ఆ ఎదురు ప్రశ్నలోనే ఈ సంస్థ వ్యాపార బుద్ధి అంతా ఉందని నా అభిప్రాయం. కొనేవాడు చిన్న రైతో, కూరగాయల వ్యాపారో, తాపీమేస్త్రీయో అయినప్పుడు, వాడికి పనికిరాని ప్రతి వస్తువూ వాడి జేబులోంచి పోయే డబ్బే. ఈ లెక్క వాళ్లకు ఎంత బాగా కుదిరిందంటే, 2009లో చైనా ప్రభుత్వం గ్రామీణులు చిన్న వాహనాలు కొంటే ధరలో పదిశాతం, గరిష్ఠంగా 5,000 యువాన్లు, తిరిగి ఇచ్చే పథకం పెట్టినప్పుడు, అందుకు సరిపోయే బండి సిద్ధంగా చేతిలో ఉన్నది వీళ్ల దగ్గరే. ఆ ఏడాదే పది లక్షలకు మించి వాహనాలు అమ్మారు. ఒక్క ఏడాదిలో ఆ సంఖ్య దాటిన తొలి చైనా వాహన సంస్థ ఇదే. 2010లో వచ్చిన హోంగ్‌గ్వాంగ్ అనే ఏడు సీట్ల బండిని అక్కడి కుర్రకారు సగం వేళాకోళంగా, సగం భక్తిగా 'దేవుడి బండి' అని పిలుస్తుంటారు.

ఇక మీరు అడిగిన కారుకు వస్తాను. దాని పేరు హోంగ్‌గ్వాంగ్ మినీ ఈవీ, 2020 జులైలో వచ్చింది. ప్రారంభ ధర 28,800 యువాన్లు, అప్పటి మారకంలో సుమారు మూడు లక్షల పదివేల రూపాయలు. మీరు విన్న మూడు లక్షలు ఇవే. పొడవు 2.92 మీటర్లు, అంటే మారుతి 800 కన్నా కూడా పొట్టి. బరువు 665 కిలోలు, మోటారు 20 కిలోవాట్లు, అంటే 27 గుర్రాల శక్తి. గరిష్ఠ వేగం గంటకు వంద కిలోమీటర్లు. కరెంటు బిల్లు భాషలో చెబితే బ్యాటరీ చిన్నదైతే సుమారు 9 యూనిట్లు, పెద్దదైతే సుమారు 14 యూనిట్లు పడుతుంది. వాటితో ప్రయోగశాల లెక్క ప్రకారం 120, 170 కిలోమీటర్లు వెళ్తుంది, రోడ్డు మీద అంతకన్నా తక్కువే.

చౌకకు మొదటి కారణం ఇక్కడే దొరికింది. విద్యుత్ వాహనంలో అన్నిటికన్నా ఖరీదైనది బ్యాటరీ. మిగతా సంస్థలు మూడు వందలు, నాలుగు వందల కిలోమీటర్లు నడవాలని నలభై యాభై యూనిట్ల బ్యాటరీ పెడుతుంటే, వీళ్లు నగరంలో మనిషి రోజుకు ముప్పై కిలోమీటర్లు కూడా తిరగడని లెక్కవేసి అందులో ఐదో వంతు పెట్టారు. బ్యాటరీ చిన్నదైతే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే మోటారు, బ్రేకులు, చక్రాలు, స్ప్రింగులు అన్నీ చిన్నవి సరిపోతాయి. వేడిని తగ్గించడానికి నీటి గొట్టాలు, పంపులు, రేడియేటరు పెట్టలేదు, గాలికే వదిలేశారు. వేగంగా ఛార్జి చేసే సదుపాయం తీసేశారు. ఇంట్లో ప్లగ్గుకు పెట్టి చిన్న బ్యాటరీకి ఆరున్నర గంటలు, పెద్దదానికి తొమ్మిది గంటలు ఆగాలి. అన్నిటికన్నా తక్కువ ధర రకంలో ఏసీ లేదు. తొలి బండ్లలో ఎయిర్‌బ్యాగులు కూడా లేవు, ఈ ఒక్కటి మాత్రం నేను సమర్థించలేను. తలుపు అట్ట తీసేయడం వేరు, మనిషి గుండెకు అడ్డుగా ఉండాల్సినదాన్ని తీసేయడం వేరు. తరువాతి రకాల్లో పెట్టారు కాబట్టి, మొదట్లోనే పెట్టడం అసాధ్యమేమీ కాదని తేలిపోయింది.

రెండో కారణం బయటికి కనబడదు. స్విచ్చులు, తాళాలు, సీటు పట్టాలు, దీపాలు, తీగల కట్టలు లాంటివి ఏటా లక్షల సంఖ్యలో రొట్టె బండ్లకు అప్పటికే చేస్తున్నవాళ్లు లియూజౌ చుట్టుపక్కల ఉన్నారు. కొత్త కారుకు కొత్త భాగం గీయకుండా, ఉన్న భాగాన్నే వాడుకున్నారు. విడిభాగాల వ్యాపారిగా నాకు తెలిసిన మాట చెబుతాను: ఒక ప్లాస్టిక్ భాగానికి అచ్చు చేయించే ఖర్చును పదివేల ముక్కల మీద పంచితే ఒక రేటు, పది లక్షల ముక్కల మీద పంచితే వేరొక రేటు. మన దగ్గర ఎవరైనా ఇదే కారును, ఇదే బొమ్మ చూసి చేసినా మూడు లక్షలకు రాదు, ఎందుకంటే ఆ రేటు బొమ్మలో లేదు, దాని వెనుకనున్న ఊళ్లో ఉంది.

మూడోది ప్రభుత్వ విధానం. ఇక్కడ చాలామంది పొరపడుతుంటారు, సర్కారు సబ్సిడీ వల్లే అంత చౌక అనుకుంటారు. నిజానికి 2020 నాటికి చైనా కేంద్ర సబ్సిడీ రావాలంటే బండి కనీసం 300 కిలోమీటర్లు నడవాలి, ఈ కారుకు ఆ అర్హతే లేదు. దానికి దక్కినవి కొనుగోలు పన్ను మినహాయింపు, 'మార్కులు'. చైనాలో పెట్రోలు బండ్లు ఎక్కువ చేసే సంస్థకు ఋణ మార్కులు పడతాయి, విద్యుత్ బండ్లు చేసే సంస్థకు ధన మార్కులు వస్తాయి. ఋణం ఉన్నవాళ్లు ధనం ఉన్నవాళ్ల దగ్గర డబ్బిచ్చి మార్కులు కొనుక్కోవాలి. కాబట్టి ఒక్కో కారు మీద మిగిలేది టీ ఖర్చంతే అయినా, దానితోపాటు పుట్టే మార్కులకు విలువ ఉంటుంది. మోసం ఉందా అని మీరు అడిగినదానికి ఇది జవాబు: మోసం లేదు, కానీ మీరు చూస్తున్న రేటు కారు ఒక్కదాని రేటు కాదు.

లియూజౌ నగరపాలకుల పాత్ర కూడా చెప్పుకోదగినదే. 2017లో తన మరో బ్రాండైన బావోజున్ పేరుతో ఈ100 అనే రెండు సీట్ల విద్యుత్ కారును ఈ సంస్థ తెచ్చినప్పుడు, నగరవాసులకు ముందు నడిపి చూడమని ఉచితంగా ఇచ్చారు, వాళ్ల ఫిర్యాదులు విని మార్పులు చేశారు. మామూలు కారు పట్టని సందుల్లో చిన్న పార్కింగు గళ్లు గీశారు, పార్కింగు రుసుము ఎత్తివేశారు, బస్సుల వరసలో వెళ్లనిచ్చారు, వీధుల్లో ప్లగ్గులు పెట్టించారు. కొన్నాళ్లకే ఆ నగరంలో అమ్ముడయ్యే కొత్త కార్లలో నాలుగో వంతుకు పైగా విద్యుత్ కార్లే అయ్యాయి. హోంగ్‌గ్వాంగ్ మినీ వచ్చేసరికి, జనానికి ఏం కావాలో, ఏది లేకపోయినా సర్దుకుపోతారో సంస్థకు చేతి వేళ్ల మీద లెక్క ఉంది. వచ్చిన కొద్ది నెలల్లోనే చైనాలో నెలవారీ అమ్మకాల్లో టెస్లా మోడల్ 3ని దాటింది, 2021లో నాలుగు లక్షలకు దగ్గరగా అమ్ముడైంది.

ఆ ఊపు అలాగే నిలవలేదు. చాంగన్, జీలీ సంస్థలు అదే తరహా చిన్న కార్లు దింపాయి. 2023 ఏప్రిల్‌లో బీవైడీ సీగల్ అనే నాలుగు తలుపుల కారును 73,800 యువాన్లకు తెచ్చింది. కాస్త డబ్బు కలిపితే నిజమైన కారే వస్తుంటే జనం అటు మళ్లారు. ఆ ఏడాది హోంగ్‌గ్వాంగ్ మినీ అమ్మకాలు బాగా పడిపోయాయి. సంస్థ కూడా గ్రహించి 2025లో దానికి వెనుక తలుపులు కూడా పెట్టింది. తక్కువతో సరిపెట్టుకునే కొనుగోలుదారు చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే తక్కువతో సరిపెట్టుకోడు. మన నానో కథ చూసినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు.

ఇక మన దేశానికీ ఈ సంస్థకూ సంబంధం ఏమిటంటే, మీకు తెలియకుండానే వూలింగ్ బండ్లు మన రోడ్ల మీద పన్నెండేళ్లకు పైగా తిరుగుతున్నాయి. 2009 డిసెంబరులో జీఎం, సాయిక్ కలిసి భారత వ్యాపారాన్ని ఉమ్మడిగా నడపాలని ఒప్పందం చేసుకున్నాయి. అందులో ఒక ఉద్దేశం వూలింగ్ చిన్న సరుకు బండ్లను ఇక్కడ తయారుచేయడం. అప్పట్లో టాటా ఏస్, అదే మన ఛోటా హాథీ, అంతటా దూసుకుపోతోంది. దానికి పోటీ వస్తుందని ఆటోనగర్‌లో మేమంతా ఎదురుచూశాం. చివరికి వచ్చింది సరుకు బండి కాదు, 2013లో షెవ్రొలె ఎంజాయ్ అనే ఏడు సీట్ల కారు. అది వూలింగ్ హోంగ్‌గ్వాంగే. 2017లో జీఎం భారత్‌లో అమ్మకాలు ఆపేసింది, గుజరాత్‌లోని హాలోల్ కర్మాగారం సాయిక్ చేతికి వెళ్లింది, అక్కడి నుంచే ఎంజీ పేరుతో కార్లు మొదలయ్యాయి. 2019 నాటి ఎంజీ హెక్టర్‌కు మూలం బావోజున్ 530. 2023లో వచ్చిన ఎంజీ కామెట్‌కు మూలం వూలింగ్ ఎయిర్ ఈవీ. 2024లో వచ్చిన విండ్సర్‌కు మూలం వూలింగ్ క్లౌడ్ ఈవీ. 2023లో కుదిరిన ఒప్పందంతో ఆ భారత సంస్థలో జేఎస్‌డబ్ల్యూకు 35 శాతం వాటా వచ్చింది.

మీరు విన్న హోంగ్‌గ్వాంగ్ మినీ కాకుండా ఎయిర్ ఈవీ ఎందుకు వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. అది ఇండోనేషియా చలవ. వూలింగ్ 2017లో జకార్తా దగ్గర చికారంగ్‌లో కర్మాగారం తెరిచింది. అక్కడ మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడుస్తారు కనుక స్టీరింగు కుడివైపు పెట్టిన చిన్న విద్యుత్ కారు వాళ్లకు కావలసివచ్చింది. 2022లో అలా మొదలైన ఎయిర్ ఈవీ ఆ ఏడాది బాలిలో జరిగిన జీ20 సదస్సులో అధికారిక వాహనంగా కూడా తిరిగింది. అదే మన దగ్గర 17.3 యూనిట్ల బ్యాటరీ, రెండు ఎయిర్‌బ్యాగులు, ఏసీతో కామెట్ అయింది, 2023లో వచ్చినప్పుడు ప్రారంభ ధర 7.98 లక్షలు. మూడు లక్షల కారుకు ఇక్కడి నిబంధనలు, ఇక్కడి ఎండలు, ఇక్కడి కొనుగోలుదారు కోరికలు కలిపితే ఎంతవుతుందో ఆ అంకె చెబుతోంది.

దిగుమతి సంగతి. కొత్త వాహనానికి స్టీరింగు కుడివైపు ఉంటేనే మన నిబంధనలు ఒప్పుకుంటాయి, మీరు విన్న కారుకు ఎడమవైపు ఉంటుంది. ఆ అడ్డంకి లేకపోయినా, నలభై వేల డాలర్ల లోపు ఖరీదున్న పూర్తి కారు మీద కస్టమ్సు సుంకమే 70 శాతం. ఆపైన ఓడ రవాణా, పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థల దగ్గర పరీక్షలు, ధ్రువపత్రాలు ఉంటాయి. ఒక్క బండి కోసం ఎవరూ ఆ పని చేయరు. అన్నిటికన్నా ముఖ్యమైనది విడిభాగాలు. మా పరిచయస్థుడొకరు కొన్నేళ్ల కిందట చైనా భాగాలతో ఇక్కడ బిగించిన విద్యుత్ సరుకు ఆటో ఒకటి కొన్నారు. పదకొండో నెలలో కంట్రోలరు కాలిపోయింది. మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే అరచేయంత పెట్టె అది. దాని కోసం ఐదు నెలలు బండి షెడ్డులో నిలబడింది, వాయిదాలు మాత్రం నిలబడలేదు. చివరికి వేరే రకం కంట్రోలరు తెచ్చి తీగలు మార్చి బిగించుకున్నాం, వారంటీ అంతటితో పోయింది.

కామెట్ కొని సరుకు వేసుకుంటే ఎలా ఉంటుందని కూడా ఆలోచిస్తారేమో. అది సొంత వాడకానికి నమోదయ్యే కారు, ఆకుపచ్చ పలక మీద తెల్ల అక్షరాలు ఉంటాయి. అద్దెకో, వ్యాపార సరుకుకో తిప్పే విద్యుత్ వాహనానికి అదే ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు ఉండాలి. ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ మొదట చూసేది ఆ రంగే. పైగా వెనుక సీట్లు మడిచినా బ్రెడ్డు ట్రేలు నాలుగు వరసలు కూడా పట్టవు.

మీ అవసరానికి వూలింగ్ ఆలోచన పనికొస్తుంది, వూలింగ్ బండి కాదు. రోజుకు డెబ్భై కిలోమీటర్లు, తేలిక సరుకు, రాత్రి బేకరీ దగ్గరే నిలిపే చోటు ఉన్నాయి. ఇంత స్పష్టంగా లెక్క తెలిసినవాళ్లకు పెద్ద బ్యాటరీ దండగ. 2025 జూన్‌లో టాటా తెచ్చిన ఏస్ ప్రో ఈవీ ఇంచుమించు ఇదే లెక్క మీద వచ్చిన బండి: 14.4 యూనిట్ల బ్యాటరీ, 750 కిలోల సరుకు మోసే సామర్థ్యం, ధ్రువపత్రం ప్రకారం 155 కిలోమీటర్లు, అప్పటి ప్రారంభ ధర ఆరున్నర లక్షలు. సరుకుతో, ఆగుతూ సాగుతూ తిరిగితే అందులో మూడింట రెండు వంతులు, అంటే వంద కిలోమీటర్లు లెక్కపెట్టుకోండి, మీ డెబ్భైకి సరిపోతుంది. ఛార్జింగులో పోయే నష్టంతో కలిపి పదహారు యూనిట్లు, యూనిట్ పది రూపాయల చొప్పున లెక్కగట్టినా కిలోమీటరుకు రూపాయిన్నర దాటి కొద్దిగా అవుతుంది.

కొనే ముందు మాత్రం షోరూమువాళ్లు ఇచ్చే ఖాళీ బండి నడిపి సంతకం పెట్టకండి. మీ ట్రేలు నింపిన బండిని, వీలైతే మే నెలలో రోహిణి కార్తె ఎండలో, మధ్యాహ్నం మీ మామూలు దారిలో తిప్పి, సాయంత్రం తిరిగి వచ్చాక ఎన్ని శాతం మిగిలిందో, వెంటనే ఛార్జి పెడితే తీసుకుంటోందో, చల్లారేదాకా ఆగమంటోందో చూడండి. తరువాత గుంటూరులోనే వాళ్ల సర్వీసు కేంద్రానికి వెళ్లి, కంట్రోలరు, ఛార్జరు ప్రస్తుతం అరలో ఉన్నాయా అని అడగండి. 'తెప్పిస్తాం' అంటే ఎన్ని రోజుల్లోనో కాగితం మీద రాయించుకోండి.